రెండు టీములున్న మ్యాక్‌లో ఆటోమేటిక్ సైనింగా, మాన్యువలా?

ఒంగోలులో ఓ చిన్న ఆఫీసు రొయ్యల చెరువుల లెక్కల కోసం ఐఫోన్ యాప్ చేస్తోందనుకోండి. టెస్టింగ్ సొంత డెవలపర్ అకౌంటులో, స్టోర్‌కి పంపేది కావలి క్లయింటు అకౌంటులో. ఒక్కో అకౌంటు ఒక్కో ‘టీమ్’. యాప్ ఎవరిదో రుజువు చేసే డిజిటల్ సంతకమే సైనింగ్. రెండు టీములూ ఒకే మ్యాక్‌లో చేరాక సర్టిఫికెట్ల గొడవ మొదలవుతుంది.

ఆటోమేటిక్ అయితే టీమ్ ఎంచుకుంటే చాలు, సర్టిఫికెట్ (సంతకం ఎవరిదో చెప్పే పత్రం), ప్రొఫైల్ (ఆ సర్టిఫికెట్‌ని యాప్‌తో కలిపే అనుమతి ఫైలు) రెండూ ఎక్స్‌కోడే (యాప్‌లు తయారుచేసే యాపిల్ సాఫ్ట్‌వేరే) చూసుకుంటుంది. ఒక్కరే పనిచేసే చోట ఇదే హాయి. చిక్కంతా రెండో మనిషి ఇంకో మ్యాక్‌తో వచ్చాకే. సర్టిఫికెట్ యాపిల్ డెవలపర్ పోర్టల్‌లో కనిపిస్తున్నా, దాని ప్రైవేట్ కీ (సంతకం చేసే రహస్య తాళంచెవి) మొదట సర్టిఫికెట్ రిక్వెస్ట్ తయారుచేసిన మ్యాక్ కీచెయిన్‌లోనే (కీలు, పాస్‌వర్డ్‌లు దాచే చోటే) ఉండిపోతుంది. కీ లేదని ఎక్స్‌కోడ్ మొరాయిస్తుంది. విసుగొచ్చి సర్టిఫికెట్‌ని రద్దుచేసే ‘రివోక్’ నొక్కారో, ఆ సర్టిఫికెట్‌తో చేసిన ప్రొఫైళ్లు చెల్లవు. యాప్ స్టోర్‌లో ఉన్న యాప్‌కి ఏమీ కాదు గానీ, పక్క సీటువాళ్ల బిల్డ్ (యాప్ తయారీ) ఆగిపోతుంది. దయచేసి అడక్కుండా ఆ బటన్ జోలికి పోకండి.

మాన్యువల్‌లో మొదటిరోజు శ్రమ ఎక్కువే. కీచెయిన్‌లో సర్టిఫికెట్ పక్కనున్న బాణం గుర్తు నొక్కితే కింద కీ కనబడాలి. రెండూ కలిపి పాస్‌వర్డ్ పెట్టి పీ12 ఫైలుగా తీసి, రెండో మ్యాక్‌లో ఎక్కించాలి. డీబగ్‌కి (టెస్టింగ్ బిల్డ్‌కి) సొంత టీమ్, రిలీజ్‌కి (స్టోర్‌కి పంపే బిల్డ్‌కి) క్లయింటు టీమ్ అని బిల్డ్ సెట్టింగ్స్‌లో విడదీయాలి. ఒక బండిల్ ఐడీ (యాప్‌ని గుర్తుపట్టే పేరు) ఒక్క టీముకే చెందుతుంది కాబట్టి టెస్టింగ్‌కి వేరే ఐడీ పెట్టుకోవాలి. ఏడాదికోసారి రెన్యువల్ కూడా మన బాధ్యతే.

నా మటుకు డీబగ్‌కి ఆటోమేటిక్, క్లయింటు రిలీజ్‌కి మాన్యువలే. ఆ పీ12ని మాత్రం వాట్సాప్ గ్రూపులో పెట్టొద్దు.