తోలు ఒరకి ఇనుప నలుపు: మూడేళ్ళ వాడకం తర్వాత

ఒకే తోలు ముక్కలోంచి కోసి కుట్టిన కత్తి ఒరలు రెండు. ఒకదానికి ఇనుము, వెనిగర్ కలిపి ఇంట్లో చేసుకున్న నలుపు. రెండోదానికి సీసాలో కొన్న స్పిరిట్ డై (స్పిరిట్‌లో కరిగించిన రంగు), ముదురు గోధుమరంగు. మూడేళ్ళు తోటపనిలో నడుముకి తిరిగాక నలుపు ఎక్కడా వదల్లేదు. గోధుమరంగు మాత్రం మొదటి ఎండాకాలమే చెమటకి తడిసి చొక్కాకి అంటింది. ఆకారం దగ్గర కథ తిరగబడింది: నల్ల ఒరే ముందు సడలింది. ఆ తప్పు రంగుది కాదు, నూనెది.

తోలు 3 నుంచి 3.5 మి.మీ. మందంలో, తంగేడు చెక్కలాంటి వాటితో పదును చేసిందే కావాలి. క్రోమ్ తోలు, అంటే క్రోమియం లవణాలతో పదును చేసింది, తడిపి నొక్కితే ఆరాక మళ్ళీ మొదటికొస్తుంది, ఇనుప నీళ్ళకి సరిగా నల్లబడదు కూడా. కోసిన అంచు లోపల నీలిబూడిద రంగు కనిపిస్తే అది క్రోమే అనుకోవచ్చు. కుట్టేటప్పుడు కత్తి అంచు వచ్చే వైపు రెండు పొరల మధ్య తోలు పట్టీ పెట్టాలి, లేదంటే బ్లేడు దారాన్నే కోసేస్తుంది. ఆరెతో 4 మి.మీ.కి ఒక రంధ్రం, 0.8 మి.మీ. మైనం దారం, రెండు సూదులు. మూడేళ్ళలో ఒక్క కుట్టూ తెగలేదు.

ఆకారం ముందు, రంగు తర్వాత. కుట్టిన ఒరని గోరువెచ్చని నీళ్ళలో ముంచి, బుడగలు ఆగగానే తీయాలి. నీళ్ళు వేడిగా ఉంటే తోలు ముడుచుకుపోయి గట్టిపడుతుంది, ఇక దాన్ని బాగుచేయలేం. తీసిన వెంటనే నొక్కకూడదు. పైరంగు మళ్ళీ లేతబడే దాకా ఆగితే ఒత్తిన గీత నిలుస్తుంది. కత్తికి ప్లాస్టిక్ ఫిల్మ్ రెండు చుట్లు చుట్టి దోపి, పిడి మొదలు చుట్టూ చెంచా కాడతో నొక్కాలి. గోరు తగిలితే ఆ గాటు శాశ్వతం. ఫిల్మ్ చిరిగిందా, కార్బన్ స్టీలు తగిలినచోట తడితోలు మీద నీలినల్ల చుక్కలు లేస్తాయి. నల్లరంగు వేసే ఒరకి దీంతో బాధ లేదు, గోధుమరంగుదానికి మాత్రం నిమ్మరసంతో తుడవాల్సి వచ్చింది. ఆరబెట్టేది నీడలోనే, కనీసం ఒక రోజు.

నలుపుకి అర లీటరు తెల్ల వెనిగర్, పెయింట్ల కొట్లో దొరికే స్టీల్ ఊల్ (సన్నటి ఉక్కు పీచు) ఒక ఉండ. గిన్నెలు తోమే మెరిసే స్క్రబ్బరు స్టెయిన్‌లెస్, అది కరగదు. ఊల్‌కి ఉన్న నూనె సబ్బుతో కడిగేయాలి. హైడ్రోజన్ వస్తుంది కాబట్టి మూత బిగించకూడదు. రెండు వారాలు ఉంచి, బుడగలు పూర్తిగా ఆగాక గుడ్డలో వడకట్టాలి. తొందరపడి ముందే వాడితే మిగిలిన ఆమ్లం తోలులో చేరి, కొన్నాళ్ళకి మడతల దగ్గర పగుళ్ళు తెస్తుంది. తోలులోని టానిన్‌తో, అంటే పదును చేసిన చెక్క నుంచి చేరిన వగరుతో, ఇనుము కలిసి అక్కడికక్కడే నల్లబడుతుంది. కలంకారీ గుడ్డకి కరక్కాయ పట్టించి, ఇనుమూ బెల్లమూ నానబెట్టిన నీళ్ళు పూస్తే వచ్చే నలుపూ ఇదే. రంగు పైపూత కాకుండా పీచులోనే పుడుతుంది, అందుకే చేతికి అంటదు. బూడిదరంగులోనే ఆగిపోతే టానిన్ చాల్లేదన్నమాట: చిక్కటి టీ డికాక్షన్ పట్టించి మళ్ళీ పూస్తే చిక్కబడుతుంది. జిగురు కారిన చోట మాత్రం ఏం చేసినా తెల్లమచ్చే, ముందే గరుకు కాగితంతో రుద్దేయాలి.

పూసిన అరగంటకి లీటరు నీళ్ళలో చెంచాడు వంటసోడా కలిపి ఒకసారి తడిపి, వెంటనే మంచినీళ్ళతో కడగాలి. వెనిగర్ వాసన నాలుగైదు రోజులుంటుంది, అది పోయేదాకా కత్తి దోపొద్దు.

ఇక నూనె. ఈ నలుపు తోలుని ఎండగడుతుంది, నూనె తప్పదు. కిర్రు చెప్పుల అలవాటు కొద్దీ ఆముదం మూడు పూతలు పడ్డాయి. మెరుపు బాగానే వచ్చింది, దుమ్ము దానికి రెట్టింపు అంటింది, ఏడాది తిరిగేసరికి ఒర మూతి మెత్తబడి కత్తి వదులైంది. తలకిందులు చేస్తే జారిపోయేంత. ఒక్క పల్చటి పూత, పైన తేనెమైనం చాలు. సడలిన మూతిని స్పాంజితో తడిపి, కత్తి పెట్టి మళ్ళీ నొక్కి ఆరబెడితే పట్టు తిరిగొచ్చింది. నూనె తాగిన తోలు కాబట్టి నీళ్ళు ఇంకడానికి మాత్రం మొదటిసారి కంటే చాలా ఎక్కువసేపు పట్టింది.