అటక తలుపుల హైడ్రాలిక్ రాడ్లతో మా పాట్లు

అటక మూయించినందుకు నాకేం బాధ లేదు. దుమ్ము తగ్గింది, హాల్లో కూర్చున్నవాళ్ళకి మా పాత కుక్కర్ల అట్టపెట్టెలు కనబడటం తప్పింది. నా కోపమంతా తలుపులు పైకి లేచి నిలబడటానికి బిగించిన హైడ్రాలిక్ రాడ్ల మీదే.

మొదట్లో వాటిని తెగ మెచ్చుకున్నాను. వేలితో కాస్త ఎత్తితే చాలు, మిగతా పని తలుపే చూసుకునేది. చుట్టాలొస్తే తెరిచి మరీ చూపించేవాణ్ణి. ఇప్పుడు మాత్రం సముద్రానికి దూరంగా ఉండేవాళ్ళకే వాటి గొప్ప చెబుతున్నాను. మాది చెన్నైలో సముద్రం పక్కనే ఉన్న తిరువాన్మియూర్.

మొన్న దసరాకి బొమ్మల కొలువు కోసం నిచ్చెనెక్కాను. పాత చీరల్లో చుట్టిన బొమ్మల పెట్టె సగం బయటికి లాగానో లేదో, నెత్తి మీద తలుపు మెల్లగా దిగడం మొదలైంది. అప్పటికే ఒక రాడ్ పోయినట్టుంది. రెండోది కూడా చేతులెత్తేసేసరికి తలుపు ధబీమని నా భుజం మీద పడింది. పెట్టె వదల్లేదు గానీ, దశావతారాల్లో వామనుడి గొడుగు విరిగింది. మా అత్తగారు బొమ్మలన్నీ ఒకసారి చూసుకున్నాక, "దెబ్బేమైనా తగిలిందా బాబూ?" అన్నారు.

చూస్తే రాడ్ మీద తుప్పు చుక్కలు, లామినేట్ మీద సన్నటి నూనె చార. ఈ రాడ్లలో ఒత్తిడితో నింపిన నైట్రోజన్, కాస్త నూనె ఉంటాయి. ఉప్పుగాలికి రాడ్ గరుకెక్కితే మూతి దగ్గర రబ్బరు సీలు దెబ్బతిని గ్యాసు పోతుంది. దానికి రిపేరు ఉండదు, మార్చాల్సిందే. మార్చినా జతగానే మార్చాలి, లేకపోతే తలుపు ఓరగా లేస్తుంది.

కార్పెంటర్ వచ్చి, "100 చాలదు సార్, 150 వేద్దాం" అన్నాడు. రాడ్ మీద ఉండే ఆ అంకె న్యూటన్లలో. 100 అంటే సుమారు పది కిలోలు. మా తలుపు 19 మిల్లీమీటర్ల ప్లైవుడ్, ఏడెనిమిది కిలోలు ఉంటుంది. 150వి వేశాక తలుపు పడలేదు సరే, సరిగ్గా మూసుకోనూ లేదు. గట్టిగా నొక్కి మూస్తూ ఉంటే కొన్నాళ్ళకి పక్క చెక్కలోంచి స్క్రూలు ఊడొచ్చాయి. మళ్ళీ 100కే వచ్చాం.

ఈలోపు వంటింటి అటకకి పక్కకి తెరుచుకునే మామూలు మడతబందుల తలుపులు పెట్టించేశాను. పడకగదిలో అలా కుదరదు, ఫ్యాన్ రెక్కలు తగులుతాయి. అక్కడ పైకి లేచేవే ఉన్నాయి, దన్నుగా పెట్టడానికి పక్కనే ఒక కర్ర. ఈసారి రాడ్లు పోతే స్టెయిన్‌లెస్ స్టీలువి కొంటాను, ధర ఎక్కువైనా సరే. మేం భోగికీ దసరాకీ తప్ప అటక జోలికి పోం కాబట్టి నెట్టుకొస్తున్నాం. వారానికోసారి ఎక్కాల్సిన ఇల్లయితే, అందులోనూ ఎక్కేది పెద్దవాళ్ళయితే, నేనైతే వీటిని పెట్టించను.