గరం మసాలా: ప్యాకెట్ మేలా, లూజు మేలా, ఇంట్లో కొట్టుకున్నది మేలా?

2024 ఏప్రిల్‌లో హాంకాంగ్ వార్త వచ్చిన దగ్గర్నుంచి చాలామంది నన్ను ఒకటే అడుగుతున్నారు: ఇక ప్యాకెట్ మసాలా మానేయాలా? అక్కడి ఆహార భద్రతా కేంద్రం ఎండీహెచ్ వాళ్లవి మూడు, ఎవరెస్ట్ వాళ్లది ఒకటి, మొత్తం నాలుగు మసాలాల్లో ఇథిలిన్ ఆక్సైడ్ ఉందని ప్రకటించింది. తమ సరుకు సురక్షితమేనని కంపెనీలు చెప్పాయి. ఇథిలిన్ ఆక్సైడ్ అంటే సాల్మొనెల్లా లాంటి సూక్ష్మజీవులను చంపడానికి వాడే వాయువు. మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో ఉంది. అమెరికా అయితే మసాలాల్లో దాన్ని 7 పీపీఎం వరకు, అంటే పది లక్షల పాళ్లలో ఏడు పాళ్ల వరకు, ఒప్పుకుంటుంది. మన దేశంలో ఆహారానికి దాన్ని వాడనివ్వరు.

ఇది చదివి దినుసులు కొని ఇంట్లో కొట్టుకుంటే ఈ బాధ తప్పుతుందనుకోకండి. ఆ వాయువును విడి దినుసులకూ పట్టించవచ్చు. పురుగుమందు అవశేషాలూ అంతే, మన మిక్సీలో వేసినంత మాత్రాన పోవు. ఈ ఒక్క విషయంలో రెండూ సమానమే.

తేడా కల్తీ దగ్గర వస్తుంది. నా లెక్కలో అసలు తేల్చేది అదే. పొడి అయ్యాక ఎవరికీ ఏమీ కనబడదు. కారాన్ని నీళ్ల గ్లాసులో చల్లి చూసే వీడియోలు అందరం చూశాం. ఆ పరీక్షలో దొరికేది నీళ్లలో కరిగే రంగూ, అడుగుకు దిగే ఇటుక పొడీ. కారంలో ఎరుపు కోసం కలిపే సూడాన్ అనే పారిశ్రామిక రంగు నూనెలో కరిగేది కాబట్టి నీళ్లలో బయటపడదు. పోనీ నూనెలో వేసి చూద్దామంటే మిరపకాయ సొంత ఎరుపు కూడా నూనెలోకి దిగుతుంది. 2005లో బ్రిటన్‌లో ఇదే సూడాన్ రంగు కలిసిన కారం వల్ల వందల రకాల ఆహార పదార్థాలను దుకాణాల నుంచి వెనక్కి తీసుకున్నారు. అది తేలింది ల్యాబులోనే.

విడి దినుసు అలా కాదు. పళ్లెంలో పోసుకుని కూర్చుంటే చాలావరకు తెలిసిపోతుంది. మంచి లవంగానికి పైన మొగ్గ ఉంటుంది, గోటితో నొక్కితే నూనె చెమ్మ తగులుతుంది. నూనె తీసేసినవి ముడుచుకుపోయి తేలిగ్గా ఉంటాయి. యాలకులను వేళ్ల మధ్య రుద్దితే తెల్లపొడి అంటుకోకూడదు. మిరియాల్లో కలిపిన బొప్పాయి గింజలు నీళ్లలో తేలతాయి. జాజికాయను మాత్రం తప్పకుండా పగలగొట్టి చూడండి, బూజు లోపలే ఉంటుంది. బూజు పట్టినది వేయిస్తే బాగుపడదు. బూజు వల్ల పుట్టే అఫ్లాటాక్సిన్ అనే విషం వంట వేడికి పోయేది కాదు, పారేయడమే. మంచివాటిని సన్నసెగ మీద వేయిస్తే చెమ్మ పోతుంది, సూక్ష్మజీవులూ తగ్గుతాయి.

ప్యాకెట్‌కు ఉన్న బలం వేరు. దాని వెనక ఒక జవాబుదారీ ఉంది. ఎఫ్ఎస్ఎస్ఏఐ (మన ఆహార భద్రతా సంస్థ) ఇచ్చే 14 అంకెల లైసెన్స్ నంబరు, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ ఉంటాయి. మసాలా పొడిలో రంగు కలపకూడదు, 25 గ్రాముల నమూనాలో సాల్మొనెల్లా ఉండకూడదు అని నిబంధనలున్నాయి. తప్పు బయటపడితే ఆ బ్యాచ్‌ను వెనక్కి రప్పించవచ్చు. దినుసులు ఏరే తీరిక లేని ఇంటికి ఇది చిన్న భరోసా కాదు. అలాంటివాళ్లు చిన్న ప్యాకెట్ కొని త్వరగా వాడేయండి.

లూజు పొడి గురించి ఎక్కువ చెప్పను. పొడి చేసిన మసాలాలు ప్యాక్ చేసే అమ్మాలని చట్టమే చెబుతోంది. మర పట్టించడం ఇంట్లో కొట్టుకున్నట్టే, కాకపోతే ముందువాళ్ల పొడి కొంత మనదాంట్లో కలుస్తుంది.

గరం మసాలాకైతే నా ఓటు ఇంటి పొడికే. కానీ సాంబారు పొడి, కూర పొడి కొట్టుకునేవాళ్లు పసుపు దగ్గర ఆగాలి. పసుపు కొమ్ములకే మెరుపు కోసం లెడ్ క్రోమేట్ అనే పసుపు రంగు రసాయనం పూసిన ఉదంతాలు బంగ్లాదేశ్‌లోనూ మన దేశంలోనూ బయటపడ్డాయి. అందులో ఉండేది సీసం, పిల్లల మెదడుకు చేటు. కాబట్టి నిగనిగలాడే కొమ్ములు కొనకండి. తెలిసిన రైతు దగ్గర పాలిష్ చేయని కొమ్ములు దొరికితే సరే, లేదంటే పసుపు వరకు అగ్‌మార్క్ (ప్రభుత్వ నాణ్యతా ముద్ర) ఉన్న ప్యాకెటే తీసుకోండి.