ముచ్చికలు తీసే పని లేని మిరప: చిల్టెపిన్‌తో కొన్నేళ్ళ కాపురం

చిల్టెపిన్ అనే బుల్లి అడవి మిరప గురించి రాసేవాళ్ళంతా దాని ఘాటు దగ్గరే మొదలుపెడతారు. నాకు మాత్రం దాని ముచ్చిక ముఖ్యం. పండిన కాయను రెండు వేళ్ళతో అలా తాకితే చాలు, ముచ్చిక కొమ్మకే ఉండిపోయి కాయ ఒక్కటే చేతిలోకి జారుతుంది. మిరియం కన్నా కాస్త పెద్ద కాయ, ఎర్రగా, నున్నగా, పైన సూది మొనంత గుంటతో. వేసవిలో కారం పట్టించే ముందు డాబా మీద కూర్చుని బస్తా ఎండుమిరపకాయలకు ముచ్చికలు తీసిన ఇంట్లో పెరిగినవాణ్ణి. రాత్రంతా భగభగమనే చేతులకు కొబ్బరినూనె రాసుకుని పడుకున్నవాణ్ణి. నాకు ఇది ఎంత గొప్ప సుఖమో వేరే చెప్పక్కర్లేదు.

మేముండేది అరిజోనాలోని టూసాన్‌లో. ఈ అడవి మిరపకు ఇది సొంత ఊరే. ఇక్కడికి దక్షిణాన తుమకాకోరి కొండల్లో తనంతట తానే పెరుగుతుంది. 1999లో కొరొనాడో నేషనల్ ఫారెస్ట్‌లో కొంత భాగాన్ని ప్రత్యేకంగా దీని కోసమే కేటాయించారు కూడా. అడవి మొక్క కదా, ఎండకు తట్టుకుంటుందిలే అనుకుంటాం. కానీ అక్కడ కూడా అది పెరిగేది మెస్కీట్, హ్యాక్‌బెర్రీ చెట్ల నీడలోనే. మా పెరట్లో మెస్కీట్ కింద పెట్టినవి బతికి బట్టకట్టాయి, గోడ పక్కన పెట్టినవి జూన్ ఎండకే మాడిపోయాయి. గింజలు మొలవడానికి వారాలు పడుతుంది, అన్నీ ఒకసారి మొలవవు. ఇక రావులే అనుకుని కుండీ పక్కన పెట్టేశాక ఒకటి తల ఎత్తుతుంది.

మొదట్లో స్నేహితులందరికీ "ఈ మొక్కకు చావు లేదు" అని చెప్పుకు తిరిగాను. ఇప్పుడు అంత గట్టిగా అనను. మంచు పడే రాత్రి ఒక్కటి తగిలితే పైనున్నదంతా ఎండిపోతుంది. వేరు బతికే ఉంటుంది, వసంతంలో మళ్ళీ చిగురిస్తుంది, నిజమే. కానీ కాపు మొదలయ్యేసరికి వానలు వెళ్ళిపోయే రోజులొస్తాయి. "కోయడం చాలా సులువు" అని కూడా అనేవాణ్ణి. సులువే, మనకన్నా పిట్టలకు ఇంకా సులువు. ఇక్కడ థ్రాషర్ అని వంకర ముక్కు బూడిదరంగు పిట్ట ఒకటుంది. దానికి కారం తెలియదు. ఈ ప్రాంతంలోనే చేసిన పరిశోధన ఒకటి 2001లో వచ్చింది: ఎలుకలు ఈ కాయలు ముట్టవు, పిట్టలు తిని గింజల్ని చెక్కుచెదరకుండా రెట్టలో వేస్తాయి అని. కాయ అంత తేలిగ్గా ఊడేది మన కోసం కాదు, వాటి కోసం. వల కట్టకపోతే పండిన కాయ పొద్దున్నకి ఉండదు.

అయినా నా ఆశ ఆగలేదు. గుంటూరు మిరపకాయంత పొడుగు, చిల్టెపిన్ లాగా ముచ్చిక వదిలే గుణం, రెండూ ఒకే కాయలో వస్తే? రెండూ క్యాప్సికం యానువం జాతివే కాబట్టి సంకరానికి అడ్డు లేదు. (రోకోటో లాంటి వేరే జాతి ఊదాపూల మిరపతో ప్రయత్నించి ఉంటే ఎప్పుడో చేతులెత్తేసేవాణ్ణి.) ఇండియన్ స్టోర్‌లో కొన్న ఎండుమిర్చి ప్యాకెట్‌లోని గింజలే వేస్తే మొలిచాయి. వాటినే తల్లి మొక్కలుగా పెట్టుకున్నాను, ఎందుకంటే చిల్టెపిన్ పువ్వు మరీ చిన్నది, పట్టకారుకు చిక్కదు. రేపు విచ్చుకోబోయే మొగ్గను సాయంత్రం చూసుకుని, రేకులు మెల్లగా విడదీసి, లోపలి నీలిరంగు పుప్పొడి తిత్తులు పగలకముందే ఒక్కొక్కటీ లాగేయాలి. పొద్దున్నే చిల్టెపిన్ పువ్వు తెచ్చి కీలాగ్రానికి అద్ది, కాడకు ఎర్రదారం కట్టాలి. చాలా మొగ్గలు రాలిపోతాయి, కొన్ని నిలుస్తాయి.

మొదటి తరం మొక్కలన్నీ ఒక్క పోలికే. కాయలు చిన్నవి, ఘాటు బాగా ఉంది, పండగానే ముచ్చిక వదిలేస్తున్నాయి. ఆ గుణం బలమైనది, ఒక వైపు నుంచి వచ్చినా చాలు, బయటపడుతుంది. ఆ గింజలు వేస్తే రెండో తరంలో మాత్రం ఏ మొక్కకు ఆ మొక్కే. లెక్క ప్రకారం నాలుగింట మూడు మొక్కలకు ముచ్చిక వదిలే గుణం రావాలి. వాటిల్లో నాకు కావాల్సిన పొడుగు కాయ దొరకడమే గగనం. చివరికి ఒకటి దొరికింది. వేలెడు పొడుగు, ముదురు ఎరుపు, పట్టుకుంటే చేతిలోకి జారిపోయింది. ఆ సంతోషంలో కొమ్మ కొమ్మా ఫొటోలు తీశాను.

అప్పుడు నరసరావుపేట నుంచి వచ్చిన మా అత్తయ్య కాయను అటూ ఇటూ తిప్పి చూశారు. "ముచ్చిక లేకపోతే నిలవుంటుందా బాబూ? కల్లంలో ముచ్చిక ఊడిన కాయే ముందు బూజు పడుద్ది" అన్నారు. ఇక్కడి ఎండ ముందు బూజు ఏమిటని నవ్వేసి, కాయల్ని ట్రేలో పరిచాను. రెండు రోజులకు అవి మెత్తబడి, తోలు లోపల గుజ్జు నీరైపోయింది. పైనున్న గుంటలోంచి ఎర్రటి నీరు కారి గింజలు ట్రేకి అతుక్కున్నాయి. వానాకాలం కావడంతో ఆ తడికి అంచుల్లో బూజు కూడా వచ్చింది. పక్క ట్రేలో ముచ్చికతో ఉన్న అదే తరం కాయలు గలగలమంటున్నాయి.

తర్వాత చదివితే సంగతి అర్థమైంది. ముచ్చిక వదలడం, గుజ్జు మెత్తబడటం వేర్వేరు గుణాలు కావు. రెండింటికీ పెక్టిన్‌ను కరిగించే ఒకే ఎంజైమ్ జన్యువు కారణమై ఉండొచ్చని 2003లో ఇజ్రాయెల్ పరిశోధకులు చూపించారు. చిల్టెపిన్ కాయ బాగా చిన్నది కాబట్టి, మెత్తబడే లోపే ఎండిపోతుంది. పొడుగు కాయకు ఆ వీలు లేదు. ఎన్ని తరాలు ఎంచుకుంటూ పోయినా ఒకటి ఉంచి ఇంకోటి తీసేయడం పెరట్లో అయ్యే పని కాదనిపిస్తోంది.

కారానికి, ఆవకాయకు అయితే దీని జోలికి పోవద్దనే చెప్తాను. మా ఇంట్లో మాత్రం చిల్టెపిన్ ఉంటుంది. పప్పు తాలింపులో రెండు చిదిమి వేస్తే మంట గుప్పున ఎక్కి, అంతే గబుక్కున దిగిపోతుంది, గుంటూరు కారంలా చెవుల్లోకి పాకదు. మా ఇద్దరికీ ఏడాదికి ఒక సీసాడు కాయలు చాలు, పెరట్లో నీడనిచ్చే చెట్టుంది, చలి కూడా ఓ మోస్తరే. డాలస్ లాంటి చోట అపార్ట్‌మెంట్ బాల్కనీలో పెట్టేవాళ్ళైతే కుండీలో వేసుకుని శీతాకాలం లోపలికి తెచ్చుకోండి. సంకరం సరదా ఉంటే ఎండబెట్టే ఆలోచన పక్కన పెట్టి, పచ్చడికి పండుమిరప కోసం చేసుకోండి. ఆ పొడుగు కాయల్ని అత్తయ్య రోట్లో చింతపండు వేసి నూరారు, తినడానికి బాగానే ఉంది. ముచ్చికలు తీసే పనీ తప్పింది.