ఓసీఆర్‌మైపీడీఎఫ్: స్కాన్ చేసిన తెలుగు రికార్డుల మీద మూడేళ్ల వాడకం

సమాచారం కోరుతూ దరఖాస్తు వస్తే, స్కాన్ ఫైళ్ల గుట్టలోంచి ఆ కాగితం గడువులోగా బయటికి రావాలి. బొమ్మలా ఉన్న పేజీలో దేన్నీ వెతకలేం. బొమ్మలోని అక్షరాలను గుర్తుపట్టి టెక్స్ట్‌గా మార్చడాన్ని ఓసీఆర్ అంటారు. అలా ఆ పేజీల వెనక అక్షరాల పొర చేర్చడానికి ఓసీఆర్‌మైపీడీఎఫ్ అనే ఈ సాఫ్ట్‌వేర్ వాడుతున్నాను. ఉచితం, ఓపెన్ సోర్స్. అక్షరాలు గుర్తుపట్టేది దీని వెనక పనిచేసే టెసరాక్ట్ అనే ప్రోగ్రామ్. తెలుగు ప్యాక్ విడిగా ఎక్కించుకోవాలి. ఇంగ్లిష్ కలిసిన పేజీలుంటే రెండు భాషలూ ఇవ్వాలి. మనం ప్రత్యేకంగా అడగకపోయినా, దీర్ఘకాలం దాచడానికి పనికొచ్చే పీడీఎఫ్/ఎ రూపంలోనే సాధారణంగా ఫైలు ఇస్తుంది. అది నాకు బాగా నచ్చింది.

స్కాన్ 300 డీపీఐకి (అంగుళానికి 300 చుక్కలకు) తగ్గనివ్వకండి. మసక పేజీలో అడుగు గీత ఎగిరిపోయి "భూసేకరణ" కాస్తా "బూసేకరణ" అవుతుంది. వెతికితే ఫైలు రాదు, ఉన్న కాగితానికి "రికార్డు లేదు" అని జవాబు వెళ్లిపోతుంది. దరఖాస్తుదారుకు అది అన్యాయం. అందుకే ఫైలు నంబరు, తేదీ, విషయం ఇండెక్సులో చేత్తో ఎక్కించాల్సిందే. చేతిరాత నోట్లకు వేరే దారే లేదు.

యూనికోడ్ (ఏ కంప్యూటర్లోనైనా అక్షరాలను ఒకేలా గుర్తించే పద్ధతి) కాని పాత ఫాంట్లతో చేసిన పీడీఎఫ్‌లు ఇంకో చిక్కు. కంటికి చక్కటి తెలుగే, కాపీ చేస్తే పిచ్చి గుర్తులు. అక్షరాలున్న పేజీలను వదిలేసే "స్కిప్ టెక్స్ట్" పెడితే ఇవి అలాగే మిగిలిపోతాయి. వీటికి "ఫోర్స్ ఓసీఆర్" వాడాలి. పేజీని బొమ్మగా మార్చి, మళ్లీ మొదటినుంచి చదువుతుంది. సైజు పెరుగుతుంది, పెరగనివ్వండి.

వ్యక్తిగత వివరాలు కప్పి ఇవ్వాల్సినప్పుడూ ఇదే ఆప్షన్ అక్కరకొస్తుంది. నల్లపెట్టె గీసి పంపితే కింద అక్షరాలు భద్రంగా ఉంటాయి, ఎవరైనా కాపీ చేసి చదువుకోవచ్చు. ముందు నకలు తీయండి, దాంట్లో పెట్టెలు గీసి ఫోర్స్ ఓసీఆర్ నడపండి, వచ్చిన ఫైలు మొత్తం సెలెక్ట్ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసి చూడండి. ఫైలు ప్రాపర్టీస్‌లో టైటిల్, రచయిత పేరు అలాగే ఉండిపోతాయి, వాటిని విడిగా తుడవాలి.

డిజిటల్ సంతకం ఉన్న ఫైలును ఇది మామూలుగా ముట్టుకోదు, అదే సరైన పద్ధతి. బలవంతంగా నడిపితే సంతకం చెల్లకుండా పోతుంది. మూల ఫైలును కదపకుండా దాని ఎస్‌హెచ్‌ఏ-256 విలువ (ఫైలు మారిందో లేదో పట్టిచ్చే వేలిముద్ర లాంటి కోడ్) రాసిపెట్టుకుని, ఓసీఆర్ నకలును పక్కన విడిగా ఉంచండి.