కొండవాలు మీద కొత్త ఇల్లు, కృత్రిమ పచ్చిక: కొన్నేళ్ల వాడకం తర్వాత

శ్రీకాకుళం జిల్లా మందస మండలంలో, మహేంద్రగిరి కొండల దిగువన వాలుగా ఉన్న స్థలంలో మేము ఇల్లు కట్టుకొని, 2021 వేసవిలో ఇంటి ముందూ పడమటి పక్కనా కృత్రిమ పచ్చిక పరిపించాము. వేసవిలో బోరు నీరు తాగడానికీ వాడుకకూ చాలితే చాలునన్నట్టుండే చోట గడ్డికి నీళ్లు పెట్టలేమన్నది మా ఆలోచన. మేము తీసుకున్నది 40 మిల్లీమీటర్ల ఎత్తు పోచ గల పాలీఇథిలీన్ అనే ప్లాస్టిక్ రకం. దుకాణాలలో పోచ ఎత్తు గురించీ మెత్తదనం గురించీ ఎంతసేపైనా చెబుతారు గానీ, కొండ ప్రాంతంలో దాని మన్నికను తేల్చేవి అడుగున ఉన్న నేల, ఎగువ నుంచి వచ్చే నీరు. ఈ సంగతి పచ్చిక కొనేముందే తెలియాలన్నదే ఈ సమీక్ష ఉద్దేశం.

వాలు స్థలంలో ఇల్లు కట్టేటప్పుడు ఎగువన తవ్విన మట్టిని దిగువన పోసి, రాతి గోడ అడ్డంపెట్టి చదును చేస్తారు. ఆ ఫిల్లింగ్ ఎంత దిమ్మిస కొట్టినా ఒకటి రెండు వానాకాలాలు తడిసి ఆరితే తప్ప కుదురుకోదు. మా దగ్గర పని చేసిన కాంట్రాక్టరు ఆ మట్టి మీదే పలుచగా క్రషర్ డస్ట్ (రాతిపొడి) చల్లి, పచ్చిక పరిచి, పని అయిందన్నాడు. ఆ ఏడాదే సెప్టెంబరు 26న గులాబ్ తుఫాను కళింగపట్నం సమీపంలో తీరం దాటింది. ఆ వానకు కొండవైపు నుంచి దిగిన ఎర్రనీరు పచ్చిక మీదుగా పారి, నీరు ఇంకడానికి దాని అడుగున ఉండే రంధ్రాలను ఒండ్రుతో పూడ్చివేసింది. గోడ పక్కన ఫిల్లింగ్ కుంగి గుంత పడింది. పైకి అంతా పచ్చగానే కనిపించేది; కాలు వేస్తే మాత్రం పోచల సందుల్లోంచి బురదనీరు పైకి ఉబికేది.

తర్వాతి వేసవిలో మొత్తం లేపి మళ్లీ వేయించాము. ముందుగా కొండవైపు అడ్డంగా ఒక కాలువ తవ్వించి, వాననీరు ముంగిట్లోకి రాకుండా పక్కకు మళ్లించాము. గోడలో నీరు బయటికి పోవడానికి పెట్టిన గొట్టాలు సిమెంటుతో మూసుకుపోయి ఉంటే తెరిపించాము. కుంగిన చోట గ్రావెల్ పోసి, తడిపి, దిమ్మిస కొట్టించి, దాని మీద మట్టిని ఆపి నీటిని వదిలే జియో టెక్స్‌టైల్ గుడ్డ, ఆపైన నాలుగు అంగుళాల మందాన 20 మిల్లీమీటర్ల మెటల్ (కంకర), దానిపైన సన్న చిప్స్, డస్ట్ వేయించి మళ్లీ అణగగొట్టించాము. వాటం, అంటే నీరు పారడానికి ఇచ్చే వాలు, పది అడుగులకు అంగుళంన్నర చొప్పున ఇప్పించాము. వాటం మరీ ఎక్కువైతే పోచల మధ్య బరువు కోసం పోసే సిలికా ఇసుక వానకు కిందికి జారి ఒక పక్కన చేరుతుంది, పై అంచు తేలిపోయి గాలికి లేస్తుంది. అందుకే వాలు ఎక్కువగా ఉన్న భాగాన్ని రెండు మెట్లుగా చేయించాము. అంచులకు మొదట వేసిన చెక్క పట్టీలను చెద తినేసింది కనుక ఈసారి సిమెంటు కట్టు పోయించాము. ఈ అడుగు పనికి అయిన ఖర్చు పచ్చిక ధర కంటే తక్కువేమీ కాలేదు. అయినా ఇప్పుడు జోరువాన వెలిసిన కాసేపటికే ముంగిట్లో కుర్చీ వేసుకోగలుగుతున్నాము.

ఎండ సంగతి వేరు. వేసవి మధ్యాహ్నం దీని మీద చెప్పులు లేకుండా నిలబడటం పెద్దలకే సాధ్యం కాదు, పసిపిల్లల సంగతి చెప్పనక్కర్లేదు. నీళ్లు చల్లితే కాసేపు చల్లబడి మళ్లీ కాగుతుంది. కొత్త ఇళ్లవారు ప్రత్యేకంగా గమనించవలసింది మరొకటి ఉంది. మా పడమటి కిటికీలకు అద్దంలా మెరిసే రిఫ్లెక్టివ్ గ్లాస్ పెట్టించాము. సాయంత్రపు ఎండ దానిమీద పడి కిందికి తిరిగే చోట, పచ్చిక మీద జానెడు వెడల్పున ఒక చార ఏర్పడింది. వేడి ఇస్త్రీపెట్టె తగిలిన నైలాన్ చీరలా అక్కడి పోచలు ముడుచుకొని, ఒకదానికొకటి అంటుకుపోయి, వేలితో రుద్దితే గరగరలాడుతూ విరిగేవి. మొదట ఎవరో నిప్పు పడేశారనుకున్నాము; ప్రతిఫలించిన ఎండ కిటికీ వెంబడే కదలడం చూశాక కారణం అర్థమైంది. కిటికీకి బయటివైపు వల కట్టాక అది ఆగింది. దీపావళికి చిచ్చుబుడ్లు కూడా దీనికి దూరంగానే కాల్చాలి. ఒక్క రవ్వ పడినా చిల్లు పడుతుంది. మొదట మిగిలిన ముక్కలు దాచుకుంటే అతుకు వేయవచ్చు గానీ, ఎండకు పాతది కొంత వెలిసి ఉంటుంది కనుక తేడా తెలుస్తుంది.

శ్రమ అక్కర్లేదన్న మాటను నేను ఒప్పుకోను. తుంగ మొలకలు జియో టెక్స్‌టైల్‌ను కూడా సూదుల్లా చీల్చుకొని పైకి వస్తాయి. పరిచేముందే నేలలోని తుంగ గడ్డలను ఏరించి తీరాలి. జీడిమామిడి ఆకులు రాలి తడిసి కుళ్లితే ఒండ్రు కట్టి రంధ్రాలు మూసుకుంటాయి. అణగిన పోచలను లేపడానికి కొబ్బరి ఈనెల చీపురుతో, పోచ వాలిన దిక్కుకు ఎదురుగా ఊడ్వడం బాగా పనిచేసింది. నీడపట్టున వానాకాలంలో పాచి పడుతుంది, జారుతుంది కూడా. అక్కడ వారానికొకసారి రుద్దవలసిందే.

ప్రస్తుతం ఉత్తరపు నీడలో ఉన్న ముంగిట్లో మాత్రం పచ్చికను ఉంచుకున్నాము, అక్కడ నాకు పూర్తి తృప్తిగా ఉంది. పడమటి పక్కన తీసేసి గరిక నాటించాము. వాలు మీద మట్టిని పట్టి నిలిపేవి గడ్డి వేళ్లే గానీ ప్లాస్టిక్ కాదు. తొలకరికి గరిక దానంతటదే అల్లుకుంది, వేసవిలో ఎండినా చినుకు పడగానే చిగురిస్తోంది. కొత్త ఇంటివారు గృహప్రవేశానికి ముందే పచ్చిక పరిపించాలని తొందరపడకుండా, కనీసం ఒక వానాకాలం ఫిల్లింగ్‌ను ఖాళీగా వదలి, నీరు ఎటు పారుతోందో, ఎక్కడ నిలుస్తోందో చూసుకోవాలని నా సలహా. కాంట్రాక్టరుతో మాట్లాడేటప్పుడు అడుగున వేసే మెటల్ మందమూ, వాటమూ కాగితం మీద రాయించుకోండి. ఎండకు రంగు వెలిస్తే ఎన్నేళ్ల వరకు హామీ ఉందో బిల్లులోనే ఉండాలి.