దుమ్ముతోనే ఉంచాలా, కొత్తగా మార్చాలా?

అమెరికాలోని అలబామాలో ఒక పాత షెడ్డులో 1969 డాడ్జ్ చార్జర్ డేటోనా కారు ఏళ్ల తరబడి దుమ్ములో పడి ఉండి బయటపడింది. ఆ మోడల్‌లో తయారైనవి 500 చిల్లరే. 2016 జనవరిలో ఫ్లోరిడాలోని కిస్సిమీ వేలంలో ఆ దుమ్ముతోనే నిలబెడితే 90,000 డాలర్ల పాట పలికింది.

ఇలాంటి కారు దొరికితే దారులు రెండు. పూర్తిగా విప్పి, తుప్పు కోసేసి, కొత్త రంగు వేయించి రీస్టోర్ చేయడం ఒకటి. మెరుస్తుంది, ధైర్యంగా నడపొచ్చు. ఫ్రేమ్ తుప్పుపట్టి పోయుంటే ఇక వేరే మార్గం లేదు.

రెండోది, ఉన్నదాన్ని ఉన్నట్టే కాపాడటం. నా మనసు దీనివైపే. ఫ్యాక్టరీలో పడిన రంగు ఒక్కసారి గీకేస్తే మళ్లీ రాదు. సీటు స్ప్రింగుల్లో ఇరుక్కున్న బిల్డ్ షీట్ (ఆ కారును ఎలా తయారు చేయాలో ఫ్యాక్టరీలో రాసిన కాగితం), ఇంజన్ బ్లాక్ మీది నంబరు, ఎలుకలు కొరికిన సీటు గుడ్డ కూడా ఆ కారు పుట్టుకకు సాక్ష్యాలే. అందుకే కడగడానికి ముందే, ఉన్నచోటే ఫొటోలు తీసుకోవాలి.

అలాగని ముట్టుకోకుండా వదిలేయమని కాదు. ఆత్రంగా తాళం తిప్పితే పట్టేసిన ఇంజన్ దెబ్బతింటుంది. ముందు జిగురుగా మారిన పాత పెట్రోల్ తీసేయాలి. స్పార్క్ ప్లగ్ రంధ్రాల్లో కాస్త ఆయిల్ పోసి, నాననిచ్చి, ఇంజన్‌ను చేత్తో మెల్లగా తిప్పి చూడాలి. బ్రేకు పైపులు, టైర్లు మాత్రం కొత్తవే వేయాలి, ప్రాణాల విషయం కదా. తీసిన పాత భాగాలను పేర్లు రాసి డబ్బాలో దాచండి, పారేయకండి.